బాదంపాల సీసానా, కొవ్వు లేని మాంసమా? బలానికని కొనేముందు ఒక లెక్క

మా మెడికల్ షాపు కావలిలో, బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో ఉంది. కౌంటర్ పక్కన గాజు తలుపు ఫ్రిజ్ ఒకటి పెట్టాం. అందులో బాదంపాల సీసాలు, రోజ్ మిల్క్, లస్సీ డబ్బాలు. (ఇన్సులిన్‌కు వేరే ఫ్రిజ్ ఉంది, కంగారు పడకండి.) మందుల షాపులో కనబడేసరికి ఆ సీసా సగం మందే అని జనానికి ఒక నమ్మకం. ఎండకు తాళలేక తాగేవాళ్లు వేసవిలోనే వస్తారు. ‘బలానికి’ కొనేవాళ్లు మాత్రం ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు.

పోయిన వేసవిలో బిట్రగుంట వైపు నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల ఇంటర్ చదువుతోంది. చేతిలో రక్తపరీక్ష కాగితం. హిమోగ్లోబిన్ 9.1. డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు, అవి అప్పటికే పది రోజులుగా వాడుతున్నారు, మళ్లీ కావాలని వచ్చారు. మాత్రలు కవర్లో వేస్తుంటే ఫ్రిజ్ వైపు చెయ్యి చూపించింది.

“అన్నా, అయ్యి ఒక ఆరు ఇయ్యి. రోజూ ఒకటి తాపిస్తుండా. ఆదివారం ఆదివారం మాంసం తెచ్చేదానికంటే ఇదే మేలంట గదా, రక్తం తొందరగా పడతాదంట.”

“మాత్ర దేంతో వేస్తున్నావమ్మా?”

“దీంతోనే. నీళ్లతో ఇస్తే ఆ వాసనకి కక్కుతాది. దీంతో అయితే గుటుక్కున మింగేస్తాది.”

సీసా నలభై రూపాయలు. ఆరు సీసాల బేరం. ఆ రోజు ఆరూ అమ్మబుద్ధి కాలేదు. స్టూలు లాగి కూర్చోబెట్టి, సీసా తిప్పి వెనకాల లేబుల్ చూపించా. ఆమెకు చెప్పిందే ఇక్కడ ఇంకాస్త తీరిగ్గా రాస్తున్నా. నేను డాక్టర్ని కాను, మందులు అమ్ముకునేవాణ్ణి. కాకపోతే లేబుళ్లు చదివే జబ్బు ఉంది.

సీసా వెనకాల ఏముంది

ముందు ఒక చిన్న మోసం సంగతి. మోసం అనకూడదేమో, మన అజాగ్రత్తే. లేబుల్ మీద అంకెలు సాధారణంగా 100 మిల్లీలీటర్లకు రాస్తారు. మనం తాగేది 200 మిల్లీలీటర్ల సీసా. ప్రతి అంకెనూ రెండింతలు చేసుకోవాలి. ప్రొటీన్ 3 గ్రాములని ఉంటే సీసాకు 6. చక్కెరదీ అదే లెక్క.

కంపెనీని బట్టి కొద్దిగా అటూ ఇటూ అయినా, తియ్యటి పాల సీసా ఒకటి తాగితే ఇంచుమించు 160 నుంచి 180 కేలరీలు, 6 గ్రాముల ప్రొటీన్, 220 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం వస్తాయి. మొత్తం చక్కెర 23 నుంచి 26 గ్రాములు. ఇందులో 9 గ్రాముల దాకా పాలలో సహజంగా ఉండే లాక్టోజ్, దాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. మిగతా 14 నుంచి 16 గ్రాములు కంపెనీవాళ్లు కలిపిన పంచదార. చెంచాల్లో చెప్పాలంటే మూడు నిండు చెంచాలు, పైన ఇంకొంచెం. మీ ఇంట్లో ఎవరైనా గ్లాసు పాలలో మూడు చెంచాల చక్కెర వేసుకుంటుంటే మీరు ఊరుకుంటారా?

ఇంకో పని చేయండి. పదార్థాల జాబితా చదవండి. మన దేశంలో ఆ జాబితాను బరువు వరసలో రాయాలన్నది రూలు. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర. మొదట పాలు, రెండోది పంచదార. బాదం ఎక్కడో వెనకాల, కొన్నిట్లో ఫ్లేవర్ రూపంలోనే. సీసా మీద బొమ్మలో మాత్రం బాదంకాయలు గుట్టగా పోసి ఉంటాయి.

బండి మీద బాదంపాలకు ఈ మాత్రం లేబుల్ కూడా ఉండదు. కస్టర్డ్ పౌడర్, రంగు, పంచదార ఎంత పడుతుందో అది ఆ బండాయన చెయ్యి చలవ. తీపి లస్సీ గ్లాసులో అయితే సీసా కంటే ఎక్కువే పడుతుంది, పైన ఐస్‌క్రీమ్ ముద్ద కూడా వేయించుకుంటే ఇక నేను లెక్క కట్టను.

మాంసం లెక్క కాస్త తికమక

మాంసానికి లేబుల్ లేదు. పైగా పచ్చిదాని అంకె వేరు, వండినదాని అంకె వేరు. తోలు తీసిన కోడి రొమ్ము ముక్క పచ్చిది 100 గ్రాముల్లో 22 గ్రాముల దాకా ప్రొటీన్, 2 గ్రాముల పైచిలుకు కొవ్వు, 110 నుంచి 120 కేలరీలు. పిండిపదార్థం, చక్కెర సున్నా. అదే వండితే నీళ్లు పోయి 70, 75 గ్రాములకు దిగుతుంది, అందుకే వండిన 100 గ్రాముల్లో 30 గ్రాముల ప్రొటీన్ అని ఎక్కడైనా చదివితే అబద్ధం అనుకోకండి. కొత్తగా పుట్టుకొచ్చింది కాదు, నీళ్లు ఆవిరై చిక్కబడింది.

తోలుతో ఉన్న కోడి అయితే కథ మారిపోతుంది. అదే 100 గ్రాముల్లో కొవ్వు 15 గ్రాములకు, కేలరీలు 200 పైకి ఎక్కుతాయి. స్కిన్, స్కిన్‌లెస్ అని కొట్టువాడు అడిగేది ఒక్క మాటే, కానీ తేడా అంతుంది.

మేకమాంసంలో కొవ్వు తీసిన కండ 100 గ్రాములకు 20 గ్రాముల ప్రొటీన్, 2 నుంచి 3 గ్రాముల కొవ్వు. ఇక్కడ మటన్ అంటే చాలామటుకు పొట్టేలే. మన నెల్లూరు జాతి గొర్రెలు దేశంలోకెల్లా ఎత్తయినవి, జోడిపి, పల్ల, దొర అని మూడు రకాలు, పెంచేది ప్రధానంగా మాంసానికే. పొట్టేలు మాంసంలో ముక్కను బట్టి కొవ్వు బాగా మారుతుంది. తొడ కండకూ, రొమ్ము ముక్కకూ పోలికే లేదు. ‘కొవ్వు లేని మాంసం’ అన్నది జంతువును బట్టి వచ్చే మాట కాదు, ముక్కను బట్టి వచ్చే మాట.

ఇప్పుడు రెండిటినీ ఎదురెదురుగా పెట్టి చూడండి. ఎముక లేని 100 గ్రాముల కోడి ఇచ్చే ప్రొటీన్ సీసాల ద్వారా రావాలంటే మూడు సీసాలు తాగి నాలుగోదాన్ని సగం దాకా దించాలి. దాంతో పాటు 50 గ్రాముల పంచదార, 550 పైన కేలరీలు లోపలికి పోతాయి. రోజుకు రెండు వేల కేలరీలు తినే మనిషికి కలిపిన చక్కెర 50 గ్రాములు మించకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక పూట ప్రొటీన్ కోసం రోజు కోటా మొత్తం ఖర్చయిపోతుందన్నమాట.

తిరగేసి కూడా చూడాలి, లేకపోతే అన్యాయం. ఒక సీసా ఇచ్చే కాల్షియం కోడిమాంసం ద్వారా రావాలంటే రెండు కిలోల దాకా తినాలి. మాంసంలో కాల్షియం నామమాత్రం. ఎముకల బలం కోసం మాంసం తినమనేవాళ్లు ఆ ఎముక నమిలి మింగమంటున్నారేమో నాకు తెలీదు. నెత్తళ్లలాంటి చిన్న చేపల్ని ముల్లుతో సహా తింటే మాత్రం కాల్షియం వస్తుంది.

డబ్బు సంగతి

“మాంసం ఎక్కడ కొనగలం అన్నా” అని ఆమె అన్నప్పుడు నేనూ నిజమే అనుకున్నా. తర్వాత కాగితం మీద వేసి చూస్తే ఇద్దరికీ ఆశ్చర్యమైంది. రేట్లు వారం వారం మారతాయి కాబట్టి మీ ఊరి రేటుతో మీరే వేసుకోండి. ఆ రోజు స్కిన్‌లెస్ చికెన్ కిలో 280, మటన్ 900.

చికెన్ కిలోలో ఎముకలు పోను 700 గ్రాముల కండ అనుకుందాం. దాన్నుంచి 140 గ్రాముల ప్రొటీన్. అంటే గ్రాము రెండు రూపాయలు. సీసాలో ఉన్నంత, 6 గ్రాములు, చికెన్‌లో 12 రూపాయలకు వస్తుంది. మటన్‌లో పావు వంతు ఎముక తీసేసినా 150 గ్రాములు, గ్రాము ఆరు రూపాయలు, 6 గ్రాములకు 36. సీసాలో ఆ 6 గ్రాములకు 40.

మటన్ ఖరీదని మానేసి, ప్రొటీన్ మటన్ కంటే ఎక్కువ రేటుకు కొంటోంది ఆ తల్లి!

ఒక కోడిగుడ్డులో కూడా 6 గ్రాములే ఉంటుంది, గుడ్డు ఆరేడు రూపాయలు. మామూలు పాల ప్యాకెట్ అర లీటరులో 16 గ్రాములు. కాబట్టి పాలు ఖరీదు కాదు, సీసా ఖరీదు. ఇది చెబితే ఆమె పిల్ల వైపు తిరిగి ఏదో గొణిగింది, నాకు వినబడలేదు. వినబడాల్సిన మాట కూడా కాదనుకుంటా.

అసలు గొడవ ఐరన్ దగ్గర

రక్తం పడుతుందని సీసా తాపేవాళ్లకు తెలియాల్సింది ఇది. పాలలో ఐరన్ దాదాపు లేదు. బాదంపాలైనా, రోజ్ మిల్క్ అయినా, ఒంగోలు వైపు చిక్కటి గేదెపాలైనా అంతే. గులాబీ రంగులో ఉందని రోజ్ మిల్క్ రక్తం పట్టిస్తుందని నమ్మేవాళ్లు కూడా ఉన్నారు, నవ్వకండి, మా షాపుకు వస్తారు.

లేకపోవడం ఒక ఎత్తు. అడ్డుపడటం ఇంకో ఎత్తు. పాలలోని కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడుతుంది. ఐరన్ మాత్రను పాలతో వేసుకుంటే డాక్టర్ రాసిన మాత్రలో సగం ఫలితం కూడా చేతికి రాకపోవచ్చు. టీ, కాఫీలతో వేసుకున్నా ఇదే గోల. బిట్రగుంట పిల్ల పది రోజులుగా చేసింది అదే. ప్రేమతో, నలభై రూపాయలు పెట్టి, మాత్రకు అడ్డం కొనిచ్చారు. మాత్ర నీళ్లతోనో, నిమ్మకాయ నీళ్లతోనో వేసుకోవాలి. పాలు, పాలతో చేసినవి కనీసం రెండు గంటలు ఎడం. వాంతి వచ్చేట్టు ఉంటే డాక్టర్ని అడిగితే రాత్రి పడుకోబోయే ముందుకు మారుస్తారు, లేదా వేరే రకం రాస్తారు. మనంతట మనం మానెయ్యకూడదు.

మరి మాంసం తింటే రక్తం పడుతుందా? అక్కడా కొంచెం నిదానించాలి. మేకమాంసంలో 100 గ్రాములకు ఐరన్ రెండున్నర, మూడు మిల్లీగ్రాముల లోపు. కోడి రొమ్ములో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దాడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. అంకెల్లో చూస్తే మాంసం కూడా వెలవెలబోతుంది. అయితే మాంసంలో ఉండే ఐరన్ రకం వేరు, ఆకుకూరల్లో పప్పుల్లో ఉండేదానికంటే బాగా పడుతుంది. పైగా పక్కన తిన్న తోటకూరలోని ఐరన్‌ను కూడా పట్టేట్టు చేస్తుంది. రెండు ముక్కలు మాంసం, తోటకూర పప్పు, మీద నిమ్మకాయ పిండుకుని తిన్న అన్నం ఒక్క మాంసం కూర కంటే తెలివైన భోజనం.

కార్జం (లివర్) సంగతి చెప్పకపోతే వెలితి. మేక, పొట్టేలు కార్జంలో 100 గ్రాములకు ఐరన్ 6, 7 మిల్లీగ్రాములు ఉంటుంది, బి12 చెప్పలేనంత. వారానికొకసారి కొంచెం చాలు. కాకపోతే విటమిన్ ఎ విపరీతంగా ఉంటుంది కాబట్టి గర్భిణులు దాని జోలికి పోకపోవడమే మంచిది. మా ఇళ్లల్లో కడుపుతో ఉన్న పిల్లకే ఏరి ఏరి పెడతారు, అదే వచ్చిన చిక్కు.

ఇంతా చెప్పి, హిమోగ్లోబిన్ 9 ఉన్నవాళ్లకు తిండితోనే సరిపోతుందని నేననను. ఆడవాళ్లకు 12 లోపు ఉంటే రక్తహీనత కిందే లెక్క. 9 అంటే మాత్ర పడాల్సిందే. మాంసం మాత్రకు తోడు.

మరి ఎవరికి ఏది

పొద్దున్నే గ్రౌండులో 1600 మీటర్లు ప్రాక్టీసు చేసే కానిస్టేబుల్ కుర్రాళ్లు చెమటతో నేరుగా షాపుకొస్తారు. వాళ్లకు నేను సీసా సంతోషంగా అమ్ముతా. గట్టిగా పరిగెత్తాక కండలకు చక్కెరా కావాలి, ప్రొటీనూ కావాలి, నీళ్లూ కావాలి. మూడూ ఒక్క సీసాలో ఉన్నాయి. ఆ ఎండలో ఎవరూ చికెన్ ముక్కలు నమలలేరు కూడా. కానీ మధ్యాహ్నం భోజనంలో గుడ్లో, చికెనో లేకుండా సీసాలతోనే కండలు పెంచుదామనుకుంటే కుదరదు. 60 కిలోల మనిషికి మామూలుగానే రోజుకు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి, కసరత్తు చేసేవాళ్లకు ఇంకా ఎక్కువ.

షుగర్ ఉన్నవాళ్లు ఈ ఫ్రిజ్ వైపు చూడకండి. పాలు కావాలంటే చక్కెర లేకుండా, ఇంకా మేలు పల్చటి మజ్జిగ. పాలు తాగితే కడుపుబ్బరం చేసేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు, వాళ్లకూ మజ్జిగే.

పళ్లు లేని ముసలివాళ్లకు మాంసం కష్టం. చికెన్ ఖైమా కొట్టించి మెత్తగా వండొచ్చు. గుడ్డు ఇంకా సులువు. వాళ్లు రోజంతా ఏమీ తినకుండా ఉండేకంటే ఒక సీసా తాగడం మేలే, కాదనను. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు మాంసం ఎంత తినాలో వాళ్ల డాక్టర్నే అడగాలి.

రెండు మూడేళ్ల పిల్లల విషయంలో తల్లులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అన్నం తినడం లేదని రోజుకు అర లీటరుకు మించి పాలు పడుతుంటే పిల్లవాడికి ఆకలి చచ్చిపోతుంది, ఐరన్ తగ్గిపోతుంది. తియ్యటి పాలైతే పళ్లు కూడా.

చేపలు, రొయ్యలు ఇష్టపడేవాళ్లకు నెల్లూరులో లోటేముంది. రొయ్యలో 20 గ్రాముల దాకా ప్రొటీన్, కొవ్వు ఒక గ్రాము అటూ ఇటూ. అంతకంటే లీన్, అంటే కొవ్వు లేని, మాంసం వెతికినా దొరకదు. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందన్న భయం మాత్రం ఇంటింటా ఉంది. అలా వస్తుందనడానికి ఆధారం లేదు. అయినా చేపల పులుసు తిన్నాక పాలు ఎవరు తాగుతారు, చింతపులుసు మామిడికాయ కడుపులో ఉండగా?

ఇంకో ముచ్చట. మన ఒంగోలు జాతి ఆవులు బ్రెజిల్ చేరి అక్కడ ‘నెలోర్’ పేరుతో ఆ దేశపు ముఖ్యమైన మాంసం జాతి అయ్యాయి. పేరు మన నెల్లూరుదే. ఇక్కడ మనం గిత్తల్ని బండ పందేలకు సాకుతాం, పాలకు గేదెల్ని పెంచుతాం.

కూరయ్యేసరికి లీన్ ఎక్కడుంటుంది

మాంసం వైపు వాదించేవాళ్లు ఒకటి దాచేస్తారు. నేను చెప్పిన అంకెలన్నీ పచ్చి కండవి. మన మాంసం కూర అలా ఉండదు. ఒక పెద్ద గరిట నూనె పడితే, అది 30 మిల్లీలీటర్లు అనుకున్నా, దాదాపు 250 కేలరీలు. వేపుడు అయితే ఇంకా. రోడ్డు పక్క చికెన్ పకోడీ తిని ‘ప్రొటీన్ తిన్నా’ అనేవాడికీ, బాదంపాలు తాగి ‘రక్తం పడుతుంది’ అనేవాడికీ పెద్ద తేడా లేదు. బిరియానీలో ముక్కలు రెండు, మిగతాదంతా అన్నమూ నెయ్యీ.

అందుకని కొట్టు దగ్గరే మొదలుపెట్టాలి. కోడి అయితే స్కిన్‌లెస్. మటన్ అయితే “తొడలో కొట్టు, కొవ్వు తీసెయ్యి” అని మొహమాటం లేకుండా అడగండి. ఆదివారం రద్దీలో ఆయన విసుక్కుంటాడు, పట్టించుకోకండి, శనివారం సాయంత్రం వెళ్తే ఇంకా నయం. ఇంట్లో ఉల్లిపాయ, టమాటా ఎక్కువ వేసి, మూత పెట్టి దాని నీళ్లలో దాన్నే ఉడకనిస్తే నలుగురికి రెండు మూడు చెంచాల నూనె సరిపోతుంది. మిరియాల చారులా పల్చగా చేస్తే ఇంకా బాగుంటుంది. మొదటివారం ఇంట్లో గొణుగుతారు.

ఆ రోజు ఆమె ఆరు సీసాల బదులు రెండు తీసుకుపోయింది. మాత్రలు నిమ్మకాయ నీళ్లతో అని కవరు మీద పెన్నుతో రాసిచ్చా. దసరా సెలవుల్లో పిల్ల ఒక్కతే వచ్చింది, కొత్త రిపోర్టు చూపించింది. 11.4. ఇంకా 12 కాలేదు, మాత్రలు ఆపొద్దన్నారట డాక్టర్. డబ్బులిచ్చి, వెళ్లబోతూ ఆగి, ఫ్రిజ్ తలుపు తీసి ఒక బాదంపాల సీసా బయటికి తీసింది. నా మొహంలోకి చూసి నవ్వింది.

“మాత్రతో కాదులే మామా. ఉత్తినే, చల్లగా ఉంటాదని.”